పోయినాయన సంతకం పెడితేనే సకినాలు

ఉద్యోగాలు అడగడం కాదు, పదిమందికి ఇచ్చే స్థాయికి ఎదగండి అని మైకు దొరికినప్పుడల్లా ఎవరో ఒకరు చెప్తుంటారు కదా, ఆ మాట నమ్మి ఆగమైన వాళ్లలో మా అక్క ఒకరు. నల్లగొండలో పిండివంటల దుకాణం పెడతానంది. సకినాలు, మురుకులు, సర్వపిండి, పండగలకు అరిసెలు. పెట్టుబడి రెండు లక్షలు, అందులో సగానికి పైగా పొదుపు సంఘం అప్పు. షట్టరు చూసుకుంది, అడ్వాన్సు ఇచ్చింది, పెద్ద మూకుడు కొన్నది. ఇంక లైసెన్సు ఒక్కటే కదా తమ్మీ అంది. ఆ "ఒక్కటే" దగ్గర ఇంటిల్లిపాదిమీ నాలుగు నెలలుగా నిలబడి ఉన్నాం.

షట్టరు కరెంటు బిల్లు ఓనరు వాళ్ల నాయన పేరు మీద వస్తుంది. ఆయన పోయి పన్నెండేళ్లు. ఒక ఆఫీసులో (ఏదని అడక్కండి, సోమవారం మళ్లీ అక్కడికే పోవాలి) సారు ఆ బిల్లు అటూ ఇటూ తిప్పి చూసి, "ఈయన ఎన్వోసీ ఏది?" అన్నాడు, అంటే అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం.

"ఆయన లేడు సార్."

"ఊరికి పోయిండా?"

"పైకి పోయిండు సార్."

సారు మొహంలో ఏ మార్పూ లేదు. ఎప్పుడొస్తడు అని అడగలేదు, అదొక్కటే తక్కువ. "అయితే బిల్లు పేరు మార్పించుకొని రండి" అన్నాడు.

పేరు మార్చాలంటే డెత్ సర్టిఫికెట్ కావాలట, వారసులెవరో కాగితం కావాలట, వారసులందరూ ఒప్పుకుంటున్నామని సంతకాలు పెట్టాలట. కొడుకులు ముగ్గురు. పెద్దాయన మా ఓనరు. రెండో ఆయన భివండీలో మరమగ్గాల దగ్గర, దసరాకొస్తే వస్తాడు. మూడో ఆయన మూడు గల్లీల అవతలే ఉంటాడు గానీ, నాయన దినాల నాడు మెడలో గొలుసు ఎవరిదన్న దగ్గర మొదలైన పంచాయితీతో అన్న గడప తొక్కడం లేదు. అంటే నల్లగొండలో కిలో సకినాలు అమ్మాలంటే ముందు ఆ గొలుసు ఎవరికి చెందాలో తేల్చాలి. మా బావ రెండుసార్లు పెద్దమనుషులను కూర్చోబెట్టాడు. చాయ ఖర్చు అక్కదే.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద రోజంతా ఒక స్తంభం నీడ పడుతుంది, అది ఏ స్తంభానిదో చూసినవాళ్లకు అంతుపట్టదు. అలాంటిదే మా షట్టరు మీటరు కూడా. మనిషి లేడు, నీడ మాత్రం కదలడం లేదు. ఆలోచిస్తే ఆ పెద్దాయన పేరు మీదే దుకాణం తెరవడం మేలనిపిస్తుంది. ఆఫీసుకు ఆయన మీద ఉన్న నమ్మకం, ఆధార్ కార్డుతో ఎదురుగా నిలబడ్డ మా అక్క మీద లేదు. ఓటీపీ ఏ లోకానికి పోతుందన్న ఒక్క చిక్కు తీరితే చాలు.

జీఎస్టీ గురించి ఎక్కువ చెప్పను, మా వ్యాపారం అంత దూరం రాలేదు. సరుకులు అమ్మేవాళ్లకు 2019 నుంచి చాలా రాష్ట్రాల్లో 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మన తెలంగాణ మాత్రం 20 లక్షల దగ్గరే ఆగింది. సాగర్ దాటి మాచర్లలో అమ్మితే సకినం ఇంకా చిన్నపిల్లే, ఇవతల ఒడ్డున తొందరగా మేజర్ అయిపోతుంది.

ఇదే రాష్ట్రంలో 2014లో టీఎస్ ఐపాస్ అని చట్టం తెచ్చారు. 200 కోట్లు, ఆపైన పెట్టేవాళ్లకు 15 రోజుల్లో అనుమతులు. మంచిదే, ఫ్యాక్టరీలు రావాలి. మా అక్క చేసిన తప్పల్లా 199 కోట్ల 98 లక్షలు తక్కువ తెచ్చుకోవడం. ఆ డబ్బే ఉంటే పెద్దాయన సంతకం ఎవరికి కావాలి?

నెట్ సెంటర్ సంగతి మరీ అన్యాయం. చిన్న వ్యాపారాల నమోదుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అని 2020 జులై 1 నుంచి ఉంది, ఆధార్, పాన్ నంబర్లు ఉంటే చాలు, పైసా ఫీజు లేదు, ఒక్క కాగితం అప్‌లోడ్ చేసే పని లేదు. దానికి అక్క దగ్గర 1500 తీసుకున్నారు. రంగుల్లో ప్రింటు తీసి, లామినేషన్ చేసి, "గవర్నమెంటు ఫీజు అమ్మా" అని చేతిలో పెట్టారు. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఉచితమని గోడ మీద ఒక ముక్క పెద్ద అక్షరాల్లో రాసి పెట్టడానికి ఎవరికి చేతులు రాలేదు? అరవై కాగితాలు అడగడానికి వస్తాయి!

వ్యంగ్యంగా రాద్దామనే కూర్చున్నాను, ఇక్కడికొచ్చేసరికి కుదరడం లేదు. సంఘం అప్పుకు ఫైలు పెండింగులో ఉందని తెలియదు, కిస్తీ తేదీ మాత్రం తెలుసు. ఒక్కరు కట్టకపోతే సంఘం మొత్తానికి చెడ్డపేరు, మళ్లీ అప్పు పుట్టదు. అందుకని నూనె చుక్క పోయని మూకుడు కోసం మా అక్క నెలనెలా పక్కింటి వాళ్ల జాకెట్లు కుట్టి వడ్డీ కడుతోంది. తెరవని షట్టరుకు కిరాయి కడుతోంది. "మళ్లొకసారి రా అమ్మా" అన్న ప్రతి పెద్దమనిషీ ఆమె ఒక రోజు కూలిని మింగాడు, మింగినట్టు కూడా వాళ్లకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

మొన్న మళ్లీ బిల్లొచ్చింది, పెద్దాయన పేరు మీదే. షట్టరు తీయకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ ఉంటుంది కదా. అక్క కట్టేసి, రసీదు ఫైల్లో పెట్టుకుంది, సోమవారం అడుగుతారేమోనని.