సంక్రాంతికి పిల్ల, దసరాకు పట్టుబడి: మన తీరంలో సముద్రసాగు లెక్క

తిరుపతిలో పెరిగిన మా తరానికి సముద్రం అంటే మద్రాసు మెరీనానే. సెలవుల్లో రైలెక్కి పోయి చూసి రావాల్సిందే తప్ప, మనది అనుకున్నది కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, గూడూరు వైపు మండలాలు వచ్చి కలిశాయి. ఏడుకొండల జిల్లాకు ఉన్నట్టుండి సముద్రం వచ్చింది. పులికాట్, శ్రీహరికోట, దుగరాజపట్నం మన జిల్లా పటంలోకి వచ్చాయి. మన మాటల్లోకి మాత్రం ఇంకా రాలేదు. రైతు సదస్సు అంటే ఇప్పటికీ మామిడి, టమాటా, పాలే. చేపల పెంపకం అంటే ఎక్కడో కొల్లేరు, భీమవరం.

అందుకే నడిసముద్రంలో వల కట్టిన పంజరాలు దించి చేపలు పెంచొచ్చు అంటే ఇక్కడ చాలామంది నవ్వేస్తారు. నవ్వాల్సిన పని లేదు. ఆ విద్య కొత్తదేమీ కాదు. ప్రశ్నలు ఉన్నాయి, కానీ అవి జనం అనుకునే చోట లేవు.

ముందు ప్రపంచం సంగతి. 2022లో మొదటిసారి, వేటలో దొరికిన జలచరాల కంటే పెంచినవి ఎక్కువయ్యాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం ఆ ఏడాది పెంపకం 9.44 కోట్ల టన్నులు, మొత్తంలో 51 శాతం. వేట ముప్పై ఏళ్లకు పైగా దాదాపు అక్కడికక్కడే ఉంది. సముద్రంలో వల వేసేవాళ్లు పెరిగారు, చేప పెరగలేదు. 2017లో ఒక శాస్త్రవేత్తల బృందం ఇంకో లెక్క కట్టింది. ఇప్పుడు వేటలో వస్తున్నంత చేపను పెంపకంతోనే తీయాలంటే సముద్ర విస్తీర్ణంలో 0.015 శాతం కూడా అక్కర్లేదని తేల్చింది. భూమ్మీది సముద్రాలన్నీ కలిపి 36 కోట్ల చదరపు కిలోమీటర్లు. అందులో ఆ శాతం అంటే 54 వేల చదరపు కిలోమీటర్లు. పాత నాలుగు జిల్లాల రాయలసీమ అంతకంటే పెద్దది.

ఈ అంకె వినగానే ఎవరికైనా కళ్లు మెరుస్తాయి. అయితే ఆ లెక్కలో చూసింది లోతు, ఉష్ణోగ్రత, ఆక్సిజన్, ఓడల దారులు, రక్షిత ప్రాంతాలు. మేత ఖర్చు ఎంత, అప్పు ఎవరిస్తారు, ఆ నీళ్లు ఎవరివి అన్నది అందులో లేదు. 2020లో మరికొందరు పరిశోధకులు సరిగ్గా ఇదే ఎత్తి చూపారు. సముద్రంలో పెంచే చేప ఖరీదైన చేప, పేదవాడి కంచంలోకి వచ్చేది చెరువు చేపే అన్నారు. మనకు ఇది కొత్త సంగతి కాదు. తిరుపతి మార్కెట్లో సామాన్యుడు కొనేది రవ్వ, బొచ్చె. వంజరం ముందు ఆగి ధర అడిగి ముందుకు పోయేవాళ్లే ఎక్కువ.

బయటి దేశాల్లో ఇది చేసినవాళ్లు డబ్బున్నవాళ్లు. నార్వే కంపెనీ ఒకటి 2017లో 110 మీటర్ల అడ్డుకొలత ఉన్న ఉక్కు పంజరం దించింది. చమురు బావుల మీద కట్టే కట్టడంలా ఉంటుంది, 15 లక్షల సాల్మన్ పడతాయి. చైనా 2022లో ఏకంగా లక్ష టన్నుల ఓడనే చేపల చెరువుగా కట్టింది. అదే 2017లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, నడిసముద్రం కూడా కాదు, ఒడ్డుకు దగ్గరలోనే ఒక పంజరాల సముదాయం కూలిపోయి రెండు లక్షలకు పైగా సాల్మన్ బయటపడ్డాయి. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం ఆ రకం పెంపకాన్ని ఎత్తేయాలని చట్టం చేసింది. వల శుభ్రం చేయకపోతే నాచూ గుల్లలూ పట్టి బరువెక్కి, ప్రవాహం తోపుకు లంగర్లు ఆగవు. కూలడానికి తుపానే రానక్కర్లేదు.

మన దేశంలో మొదటి అడుగు పడింది మన తీరంలోనే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో విశాఖ ఎదురుగా పండుగప్ప పిల్లలతో పెద్ద పంజరం దించింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మనకు పొరుగున నెల్లూరు తీరంలో కొత్తసత్రం దగ్గర కూడా పంజరాలు పరీక్షించింది. 2010లో తమిళనాడులోని మండపంలో కోబియా అనే సముద్రపు చేప చేత గుడ్లు పెట్టించి పిల్ల తీశారు, మరుసటి ఏడాది పంపనో అనే ఇంకో రకం. కోబియా ఆరేడు నెలల్లో రెండున్నర మూడు కిలోలకు వస్తుంది. చల్లటి నీళ్లలో సాల్మన్ అమ్మకానికి రావడానికి ఏడాది పైనే పడుతుంది. ఎండ, వేడి నీళ్లు మనకు ఉన్న ఆస్తి.

అయినా పదిహేనేళ్లు దాటినా మన పంజరాలు ఎక్కువగా కాలువలూ, అఖాతాలూ, ఒడ్డు పక్కనే తచ్చాడుతున్నాయి. ఎందుకని? నా ఉద్దేశంలో జవాబు ఒక్కో తీరానికి ఒక్కోలా ఉంటుంది. మన తీరం జవాబు స్వర్ణముఖి దగ్గర మొదలవుతుంది.

చంద్రగిరి వైపు పుట్టి, తిరుపతి పక్క నుంచి, శ్రీకాళహస్తి గుడి మెట్లు తడిపి, నాయుడుపేట మీదుగా పోయి వాకాడు దగ్గర సముద్రంలో కలుస్తుంది ఆ నది. ఏడాదిలో తొమ్మిది నెలలు ఇసుకే. ఈశాన్య రుతుపవనం దిగిందంటే మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దాన్ని ఆపలేం. 2021 నవంబరులో తిరుపతి మునిగిన రోజులు ఎవరం మరిచిపోలేదు. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయాయని మాత్రం ఎవరం ఆలోచించలేదు. సముద్రంలోకే. వరద కలిసినప్పుడు ఒడ్డు పక్క నీళ్లలో ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది, బురద కమ్ముతుంది. సముద్రపు నాచుకు అది చావే. ఆల్చిప్పలకూ కష్టమే. పై నుంచి మన పట్టణాల మురుగూ అదే దారి. కాబట్టి ఒడ్డు పక్కన చవకగా అయిపోతుంది కదా అంటే కుదరదు. ఉప్పు నిలకడగా ఉండే చోటు కావాలంటే పడవ లోపలికే పోవాలి. లోపలికి పోతే అల. అలను తట్టుకునే పంజరం కావాలంటే డబ్బు.

దీనికి తోడు తుపాన్లు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, సూళ్లూరుపేట, వాకాడు వైపు దాని దెబ్బ చూశాం. అటువంటి రాత్రి సముద్రంలో ఉన్న పంజరాన్ని ఎవరూ కాపాడలేరు. నార్వేవాళ్లు కట్టినంత ఉక్కు మనం కట్టలేం, కట్టినా గిట్టదు.

అందుకని నాకు తోచిన దారి పంజరాన్ని బలంగా చేయడం కాదు, పంటను కాలానికి సర్దడం. సంక్రాంతికి తుపాన్లు వెనక్కి తగ్గుతాయి. అప్పుడు పిల్ల వేస్తే, కోబియా కానీ పంపనో కానీ ఆగస్టు, సెప్టెంబరుకు అమ్మకానికి వస్తుంది. దసరా లోపు పట్టుబడి పూర్తి చేసి, వల విప్పి, పంజరం పైపులు ఒడ్డుకు లాగేయాలి. మన వేరుశనగ రైతు వానను చూసి విత్తినట్టే. మధ్యలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం వస్తుంది. ఆ రెండు నెలలూ ప్రభుత్వం ఇచ్చే 20 వేల భృతి తప్ప ఆదాయం లేని కుటుంబాలకు, పంజరాల కాపలా, మేత వేయడం పని అవుతుంది. ఈ లెక్క కుదరాలంటే పిల్ల సరిగ్గా జనవరిలో, సరైన సైజులో దొరకాలి. ఫిబ్రవరి ఆఖరుకు దొరికితే పట్టుబడి తుపానులో పడుతుంది. రొయ్య పిల్లకు మన తీరంలో హేచరీలకు కొదవ లేదు, సముద్రపు చేప పిల్లకు అటువంటి ఏర్పాటు లేదు. పంజరాలకు సబ్సిడీ ఇవ్వడం కంటే ముందు చేయాల్సిన పని ఇదే.

శ్రీహరికోట సంగతి ఒకటుంది. అంతరిక్ష కేంద్రానికి దాదాపు 50 కిలోమీటర్ల తీరం ఉంది. రాకెట్ ఎగిరే రోజు ఫలానా హద్దులోకి పడవలు రావద్దని ముందే చెప్తారు. పడవ అయితే ఇంటికి వచ్చేస్తుంది, పంజరాన్ని రమ్మనలేం కదా! ఎగిరే రాకెట్లు పెరిగే కొద్దీ ఆ హద్దు ఖాళీగా ఉండాల్సిన రోజులూ పెరుగుతాయి. ఉత్తరాన దుగరాజపట్నం ఉంది. 1626 ప్రాంతంలోనే ఆంగ్లేయులు వ్యాపార కొఠీ పెట్టుకున్న ఊరు, మద్రాసు అప్పటికి పుట్టలేదు. అక్కడ ఓడరేవు అని కొన్నాళ్లు అన్నారు, ఇప్పుడు ఓడల తయారీ కేంద్రం అంటున్నారు. ఇవి పోగా వాకాడు మండలం తూపిలిపాలెం ఎదురుగా మిగిలే నీళ్లు ఎన్ని, అందులో వేట పడవల దారి పోగా ఎంత అన్నది పటం మీద గీసి చూసుకోవాలి. నాకైతే పెద్ద కంపెనీకి సరిపడేంత జాగా కనిపించడం లేదు. ఊరి సంఘాలకు సరిపోతుంది.

డబ్బు లెక్క చూద్దాం. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఒక సముద్ర పంజరానికి 5 లక్షల రూపాయలు లెక్క కట్టారు. అందులో జనరల్ కేటగిరీకి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ. ఆరు మీటర్ల అడ్డుకొలత, నాలుగు మీటర్ల లోతు పంజరంలో వంద ఘనపు మీటర్లకు పైన నీళ్లుంటాయి. రెండు టన్నులు తీశామనుకుందాం, కిలో 350కి పోయిందనుకుందాం, చేతికి 7 లక్షలు. కిలో చేపకు కిలోం ముప్పావు మేత, కిలో మేత 120 అనుకుంటే మేతకే 4 లక్షల 20 వేలు. పిల్ల, డీజిల్, కాపలా, వల మార్పిడి, చచ్చిన చేప మిగతా 2 లక్షల 80 వేల లోంచి పోవాలి. బాగా జరిగితే మిగులుతుంది. ఒక్క పంట పోతే మూడు పంటల లాభం పోతుంది. బీమా లేకుండా దిగమని నేను ఏ మత్స్యకారుడికీ చెప్పను.

మేత దగ్గర ఇంకో చిక్కుంది. ఖర్చు తగ్గుతుందని చాలామంది కవళ్లు అనే చిన్న చేపల్ని కొట్టి వేస్తారు. కిలో పెద్ద చేపకు ఐదారు కిలోల చిన్న చేప పడుతుంది. పేదవాడు పులుసు పెట్టుకునే కవళ్లను పంజరంలో పోసి, హోటల్ వాడు కొనే కోబియా తీయడం ఏం అభివృద్ధో నాకు అర్థం కాదు.

ఇక అసలు ముడి. పొలానికి పట్టా ఉంది, పాసుపుస్తకం ఉంది, బ్యాంకు దాన్ని చూసి అప్పిస్తుంది. సముద్రానికి ఏముంది? 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్ల దాకా చేపల మీద అధికారం రాష్ట్రానిది, ఆ పైన 200 మైళ్ల దాకా కేంద్రానిది. 2023లో కోస్తా ఆక్వా చట్టాన్ని సవరించి పంజరాల సాగును, నాచు సాగును దాని కిందకు తెచ్చారు. 2025 నవంబరులో ఆ 200 మైళ్ల దాకా ఉన్న జలాల్లో చేపల మీద కేంద్రం తెచ్చిన నియమాల్లోనూ సముద్రసాగు ప్రస్తావన ఉంది. బాగుంది. అయితే రిజిస్ట్రేషన్ వేరు, హక్కు వేరు. ఈ నీళ్లు పదేళ్లు నీవి అని రాసిచ్చే కాగితం ఎవరి పేరున వస్తుందన్నదే రేపటి గొడవ.

ఈ తీరం ఇలాంటి గొడవ ఒకసారి చూసింది. 1990ల మొదట్లో గూడూరు, కోట, వాకాడు వైపు రొయ్యల గుంటలు వెలిసినప్పుడు బయటి పెట్టుబడి వచ్చింది, ఊరి నీళ్లు ఉప్పగయ్యాయి. 1994-95లో వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి గుంటలు ఖాళీ అయ్యాయి, తీరం పక్క గుంటలు తీసేయమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెట్టుబడి పెట్టినవాళ్లు వెళ్లిపోయారు, ఉప్పు మిగిలింది. అప్పుడు భూమి, ఇప్పుడు నీళ్లు. పట్టపు మత్స్యకారుల పాలేల్లో ఇప్పటికీ సముద్రం మీద ఊరి కట్టుబాటు నడుస్తుంది. ఎవరు ఎక్కడ వల వేయాలో పెద్దలు కూర్చుని తేల్చుకుంటారు. ఆ పెద్దల్ని పక్కన పెట్టి కలెక్టరేట్‌లో లీజు రాస్తే, మొదటి పంజరం వల ఎవరో ఒకరు కోసేస్తారు. అలా అంటే కటువుగా ఉంటుంది, కానీ నిజం.

అమ్మకం గురించి చిత్తూరు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని 12 రూపాయలు తేల్చేసరికి ఎన్ని ట్రాక్టర్లు ఎన్ని రాత్రులు గేట్ల ముందు నిలబడ్డాయో చూశాం. అదే ఏడాది ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేస్తే రొయ్య రైతులకు టెన్షన్ మొదలైంది. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన పంట ఏదైనా అంతే. సముద్రపు చేపకు మనకు దగ్గరలో చెన్నై, బెంగళూరు ఉన్నాయి, తిరుపతిలో హోటళ్లు ఉన్నాయి. సూళ్లూరుపేట నుంచి ఐస్ పెట్టెల్లో తెల్లారేలోపు ఈ మూడు చోట్లకూ చేరుతుంది. ఎగుమతి గురించి కలలు కనే ముందు ఈ మూడు ఊళ్లకు అమ్మగలమా అన్నది చూస్తే చాలు.

మొదట పది పంజరాలు చాలు, వందలు వద్దు. తూపిలిపాలెం పక్క ఊళ్ల సంఘం పేరున నీళ్ల కాగితం, సంక్రాంతికి ముందే పిల్ల, బీమా ప్రీమియంలో సగం ప్రభుత్వానిది. ఏ ఊరి వల ఎక్కడ పడుతుందో తెలిసిన పెద్దలే పంజరాల చోటు గుర్తు పెట్టాలి. ముత్తుకూరు మత్స్య కళాశాల విద్యార్థులు వారం వారం వచ్చి ఉప్పు, ఆక్సిజన్ కొలిచి పలక మీద రాయాలి. మూడేళ్ల లెక్కలు ఊరి మధ్యన గోడకు అంటించాలి, నష్టంతో సహా. నాలుగో ఏడు పదకొండో పంజరం కావాలని ఊరే అడిగితే, అప్పుడు లోతుకు పోదాం.