ఊళ్ల వారీగా కవిత్వం: ఇబ్న్ సయీద్ చేసిన పని

పదమూడో శతాబ్దంలో, ముస్లింల ఏలుబడిలోని స్పెయిన్‌లో పుట్టిన అరబ్బీ రచయిత ఇబ్న్ సయీద్ అల్ మగ్రిబీ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆయన్ని రెండు ముక్కలు చేస్తారు. భూగోళం రాసినాయన ఒకరు, కవిత్వం పోగేసినాయన ఇంకొకరు అన్నట్టు. నన్నడిగితే ఆయన చేసింది ఒకటే పని. ఏ ఊరు ఎక్కడుందో, ఆ ఊళ్లో ఎవరేం రాశారో భద్రం చేయడం.

1213లో గ్రనడా దగ్గర పుట్టాడు. అప్పటికే ఆ ఇంట్లో ఒక పుస్తకం తరాలుగా నడుస్తోంది. ముత్తాత అబ్దుల్ మలిక్ కోసం 1135లో అల్ హిజారీ అనే రచయిత మొదలుపెట్టిన ‘అల్ ముగ్రిబ్’ అనే కవుల సంకలనం అది. వంశంలో ఒక్కొక్కరూ కొంత చేర్చుకుంటూ వచ్చారు. దాదాపు 115 ఏళ్లకు ఇబ్న్ సయీద్ చేతిలో పూర్తయింది. ఇలాంటి పుస్తకానికి రచయిత ఫలానా అని ఒక్క పేరు చెప్పడమే కష్టం.

ఆ ఇంటికి కవిత్వం కేవలం సరదా కాదు. తాతగారి తోబుట్టువు అబూ జాఫర్, కవయిత్రి హఫ్సా ప్రేమించుకున్నారు. మన కలయిక చూసి తోట మురిసిపోయిందని ఆయన రాస్తే, ఆమె ఒప్పుకోలేదు. తోట అసూయపడిందనీ, చుక్కలు మనమీద నిఘాకే వచ్చాయనీ బదులు రాసింది. ఆమె అనుమానం ఊరికే పోలేదు. హఫ్సా మీద మనసుపడ్డ గ్రనడా గవర్నరే తర్వాత అబూ జాఫర్‌ను చంపించాడు.

1236లో కొర్డోబా నగరం ముస్లింల చేజారి క్రైస్తవ రాజుల పాలైంది. కొన్నేళ్లకే తండ్రితో హజ్‌కు బయల్దేరిన ఇబ్న్ సయీద్, అలెగ్జాండ్రియాలో తండ్రిని పోగొట్టుకున్నాడు. 1243లో కైరోలో ‘రాయాత్’ సంకలనం ముగించాడు. అందులో కవులను ఊళ్ల వారీగా పెట్టాడు. మరో ఐదేళ్లకు సెవిల్ కూడా పోయింది. చేజారుతున్న ఊళ్ల పేర్లే అందులో శీర్షికలు.

భూగోళ గ్రంథంలో మాత్రం ఆయన బలం సొంతంగా చూసింది కాదు. పాత భూగోళ శాస్త్రజ్ఞులు టాలెమీ, ఇద్రీసీ వేసిన దారిలోనే నడిచాడు. పశ్చిమాఫ్రికా తీరం గురించి ఇబ్న్ ఫాతిమా అనే యాత్రికుడి మాటలు వాడుకున్నాడు. ఇది తక్కువేం కాదు. ఇబ్న్ ఫాతిమా పేరు మనదాకా వచ్చింది ఇలాంటి ఎత్తిరాతల వల్లే.

‘రాయాత్’ మీద ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. ఖసీదాలనే పెద్ద అరబ్బీ పద్యాల్లోంచి మెరిసే రెండు మూడు పాదాలు తుంచి, మిగతాది వదిలేశాడు. అసలు పద్యం దొరకనప్పుడు ఆ కత్తిరింపు గుచ్చుకుంటుంది. కానీ ఆ చిన్న ముక్కలనే 1930లో గార్సియా గోమెజ్ అనే అరబ్బీ పండితుడు స్పానిష్‌లోకి తెచ్చాడు. స్పానిష్ కవి లోర్కా తరం కవులు వాటిని ఆవురావురుమంటూ చదివారు.