చింతతోపుకు బీజీఎం, స్టేషన్‌కు రిపేరు

మా అనంతపురం జిల్లాలో శాంతిభద్రతలు చాలా ఎత్తుకు చేరుకున్నాయి. అనుమానం ఉన్నవాళ్లు తల పైకెత్తి చూసుకోవచ్చు. గుయ్యిమని తిరుగుతూ కనిపిస్తాయి. అవి పోలీసు డ్రోన్లు. నేను చెప్పబోయే డ్రోను ఏ స్టేషన్ వాళ్లదో మాత్రం చెప్పను. నాకు ఈ ఊళ్లో ఇంకా కొన్నాళ్లు బతకాలని ఉంది.

చెరువు గట్టు పక్కన చింతతోపులో అందర్ బాహర్ ఆడుతున్న ఐదుగురిని ఆ డ్రోను పట్టించిన వీడియో మొన్న అన్ని దిక్కుల నుంచీ నా ఫోన్ మీద పడింది. చిన్ననాటి స్నేహితుల గ్రూపులో వచ్చింది. పెళ్లి సంబంధాల గ్రూపులో వచ్చింది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పుకోవడానికి పెట్టుకున్న మా వీధి గ్రూపులో కూడా వచ్చింది. ట్యాంకరు మాత్రం రాలేదు.

పేకాటరాయుళ్లను పట్టుకోవద్దని నేననను. ముక్కలాటలో పొలాలు, మట్కా చీటీల్లో పుస్తెలు పోగొట్టుకున్న కుటుంబాలు సీమలో ఊరూరా ఉన్నాయి. 1974 నుంచీ జూదాన్ని అడ్డుకునే గేమింగ్ చట్టం ఉంది. పట్టుకోండి, కేసు పెట్టండి, కోర్టులో నిలబెట్టండి. నా బాధంతా ఆ వీడియోకు వేసిన బీజీఎం, అంటే వెనక మోగే సంగీతం గురించి.

ఎవరు వేయించారండీ దాన్ని? మొదట పోలీసు చిహ్నం గిర్రున తిరుగుతూ వచ్చింది. వెంటనే హీరో జీపు దిగేటప్పుడు కొట్టే డప్పు మొదలైంది. ఒక్కొక్కడి మొహం చుట్టూ ఎర్ర సున్నా, స్లో మోషన్, కింద అగ్గి అక్షరాలు. ఈ డప్పును పంచనామాలో ఎలా రాస్తారు? 'పంచాయతుదార్ల సమక్షంలో, డోలు మోత నడుమ' అని రాస్తారా? రేపు మెజిస్ట్రేటు గారు దీన్ని సాక్ష్యంగా తీసుకుంటే కోర్టు హాల్లో సౌండు ఎంత పెట్టాలి? ముద్దాయి తరఫు లాయరు లేచి, 'మా వాడు పారిపోయింది పోలీసులకు భయపడి కాదు, ఆ డ్రమ్స్‌కు భయపడి' అంటే ప్రాసిక్యూటరు ఏం జవాబు చెబుతారు?

అసలు అక్కడ ఏం జరిగి ఉంటుందో నేను ఊహించుకోగలను. మనవాళ్లు నాకు తెలుసు. మొదట శబ్దం విన్నవాడు అడిగి ఉంటాడు.

"ఏందప్పా అది?"

"మందు కొట్టే డ్రోనులే. పక్కన చీనీ తోటకు కొడతాండారు."

"తోట ఆ పక్కుంటే ఇది మన నెత్తి మీద ఏం చేస్తాంది?"

"అయితే పెండ్లి వీడియో అయింటాది. ఊర్లో ముహూర్తాలు కదా."

పెళ్లి వీడియో అనగానే ఒకడు తలపాగా సర్దుకుని, మీసం మీద చెయ్యి వేసుకుని ఉంటాడు. ఆ ఫ్రేమే తర్వాత వీడియోకు ముఖచిత్రమైంది. గెలుస్తున్నవాడు మాత్రం తల ఎత్తలేదు. గెలుస్తున్నవాడు ఎందుకెత్తుతాడు? అంతలో గట్టు మీద జీపు కనబడింది. ఇంక చూడండి. ఒకడు లుంగీ పైకి కట్టి చెరువు వైపు పరుగు. చెరువులో నీళ్లు లేవు కాబట్టి అటు వెళ్లినా దాక్కునేది లేదు. ఇంకొకడు చింతచెట్టు ఎక్కాడు, అంటే నేరుగా డ్రోను దగ్గరికే వెళ్లాడు. దానికి జూమ్ చేసే శ్రమ కూడా తప్పింది. మూడోవాడు శెనక్కాయ చేలోకి దూరి బోర్లా పడుకున్నాడు. అనంతపురం జిల్లాలో, ఈ వానలకు, శెనక్కాయ చేలో మనిషి దాక్కోవడమా! మడమ ఎత్తు మొక్క. ఆ పచ్చ చుక్కల మధ్య తెల్ల చొక్కా ఎలా మెరుస్తోందో పంట నష్టం లెక్కలు రాసే అధికారులు కూడా ఒకసారి చూడాలి. వాళ్లు చేలోకి దిగకుండానే పని అయిపోతుంది.

స్వాధీనం చేసుకున్నవి: ఒక దుప్పటి, ఒక పేక కట్ట, డ్రోను బ్యాటరీ ఖరీదుకు కూడా చాలని నోట్లు.

సరే, చట్టానికి వద్దాం. 2021 డ్రోన్ నిబంధనలు తిరగేశాను. చాలా శ్రద్ధగా రాశారు. 250 గ్రాముల లోపైతే నానో, రెండు కిలోల లోపైతే మైక్రో. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట్ల, 400 అడుగుల దాకా ఎగరొచ్చు. పైనున్న వస్తువును గ్రాములతో సహా తూచినవాళ్లు, కిందున్న మనిషి మొహం తీయొచ్చా, తీస్తే ఎన్నాళ్లు దాచాలి, ఎవరికి చూపాలి అన్నది తూచలేదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ప్రభుత్వం అందులో చెయ్యి పెట్టాలంటే ఒక చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి తగినంతే చేయాలి. ఆ తర్వాత 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని 17వ సెక్షన్, నేరాల నివారణ, దర్యాప్తు అన్న మాట వినబడగానే చాలా బాధ్యతలను పక్కకు జరిపేస్తుంది. రీలు కూడా దర్యాప్తేనా అని అడిగితే కోపాలొస్తాయి. బ్రిటన్‌లో 2020 ఆగస్టులో సౌత్ వేల్స్ పోలీసుల ఫేస్ రికగ్నిషన్ కెమెరాలను అప్పీలు కోర్టు చట్టవిరుద్ధమంది. ఎవరి కోసం వెతకాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి అన్నది మరీ పోలీసుల ఇష్టానికి వదిలేశారన్నది ఒక కారణం. అక్కడ కోర్టు తప్పు పట్టడానికి చేతిలో ఒక విధానమైనా ఉంది.

పోలీసులు వీడియో తీయాల్సిందే అని చెప్పే చట్టం మనకూ ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా చేసేటప్పుడు, వస్తువులు జప్తు చేసేటప్పుడు వీడియో తీసి, ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపాలి. మెజిస్ట్రేటుకు! దుప్పటి మీద ఎన్ని నోట్లున్నాయి, జీపులోకి ఎన్ని వెళ్లాయి అని చూపించే ఆ వీడియో ఏ గ్రూపులోనూ రాదు. దానికి డప్పు ఎవరూ కొట్టరు.

ఇంకొక కెమెరా ఉంది. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు పెట్టమంది. గేటు దగ్గర, లాకప్‌లో, వరండాల్లో, ఇన్‌స్పెక్టరు గదిలో. చీకట్లో కనబడాలి, మాట కూడా వినబడాలి. రికార్డింగు 18 నెలలు ఉంచాలి, కుదరకపోతే కనీసం ఏడాది. ఐదేళ్లు గడవబోతుంటే, 2025 సెప్టెంబరులో అదే సుప్రీంకోర్టు ఒక పత్రికా కథనం చదివి తనంతట తాను మళ్లీ కేసు తీసుకోవాల్సి వచ్చింది. రాజస్థాన్‌లో ఎనిమిది నెలల్లో 11 మంది పోలీసు కస్టడీలో చనిపోయారన్నది ఆ కథనం.

పదకొండు మంది. వాళ్లకు స్లో మోషన్ లేదు, ఎర్ర సున్నా లేదు. తడారిపోయిన చెరువులో పరిగెత్తేవాడి మొహం 400 అడుగుల నుంచి చెమటతో సహా కనిపిస్తుంది. స్టేషన్‌లో ఎనిమిది అడుగుల ఎత్తున గోడకు కొట్టిన కెమెరాకు మాత్రం లాకప్ కనిపించదు! అడిగినప్పుడల్లా రిపేరు, హార్డ్ డిస్కు నిండింది, కరెంటు పోయింది, వైరు ఎలుక కొరికింది. ఎలుకలు డ్రోను వైరు ఎప్పుడైనా కొరికాయా?

ఆ తలపాగా మనిషికి ఇంట్లో చదువుకునే కూతురుంటే ఆ పిల్ల రేపు కాలేజీకి ఎలా పోవాలి? కోర్టు జరిమానా వేస్తే కట్టేస్తాడు. రసీదు ఇస్తారు. ఈ రీలుకు రసీదేది? కేసు కొట్టేస్తే దీన్ని తీసేసేది ఎవరు? పారిపోతూ మెట్ల బావిలో పడి ఉంటే అప్పుడు ఏ పాట వేసేవాళ్లు? నేరం రుజువు కాకముందే మనిషిని దోషిగా నిలబెట్టవద్దని, పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో రాసిపెట్టమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకు మూడు నెలల గడువిచ్చింది. ఇక్కడ మీడియాతో మాట్లాడే పని కూడా మిగల్లేదు, పోలీసులే మీడియా.

కాబట్టి జిల్లా ప్రజల తరఫున ఒక విన్నపం. ఆ వీడియో ఎడిట్ చేసిన కుర్రాడు నిజంగా పనిమంతుడు. చీకట్లో తీసింది కూడా శుభ్రం చేసి చూపగలడు. అతణ్ణి చింతతోపుల డ్యూటీ నుంచి తప్పించి, లాకప్ కెమెరా ఫుటేజీ విభాగానికి బదిలీ చేయండి. బీజీఎం అక్కర్లేదు. లోపల రికార్డయిన శబ్దమే ఉంచమనండి.