పుర్రె వయసు తేల్చింది పందులే

లక్షల ఏళ్ళనాటి మనిషి పుర్రె దొరికిందని వార్త రాగానే మనవాళ్ళ నోట మొదట వచ్చే మాట 'కార్బన్ డేటింగ్ చేసుంటారు'. చెయ్యరండీ, కార్బన్ యాభై వేల ఏళ్ళ దగ్గరే చేతులెత్తేస్తుంది. అసలు అంత పాత పుర్రెలకి చాలాసార్లు నేరుగా వయసు కట్టనే కట్టరు. పైనా కిందా ఉన్న పొరలకి కడతారు, వాటిలో అగ్నిపర్వతం బూడిద ఉంటే పండగే. బూడిదలోని స్ఫటికాల్లో పొటాషియం ఉంటుంది. అందులో కొంత మెల్లగా ఆర్గాన్ వాయువుగా మారి అక్కడే చిక్కుకుపోతుంది. ఎంత పోగైందో కొలిస్తే వయసు తెలుస్తుంది.

చెప్పడానికి సులువే. కెన్యాలో తుర్కానా సరస్సు ఒడ్డున కూబీ ఫోరాలో ఏం జరిగిందో చూడండి. 1969లో కే బెహ్రెన్స్‌మేయర్ అనే పరిశోధకురాలికి ఒక బూడిద పొరలో రాతి పనిముట్లు దొరికాయి, ఆ పొరకి ఆమె పేరు మీదే కేబీఎస్ టఫ్ (టఫ్ అంటే గట్టిపడ్డ బూడిద) అని పేరొచ్చింది. ఫిచ్, మిల్లర్ అనే ఇద్దరు దాన్ని పరీక్షిస్తే మొదటి నమూనాకి 20 కోట్ల ఏళ్ళు దాటి వచ్చింది! మళ్ళీ మంచి స్ఫటికాలు తెప్పించుకుని 26 లక్షలని తేల్చారు. 1972లో ఆ పొర కింద 1470 నంబరు పుర్రె బయటపడింది. పెద్ద మెదడున్న మనిషి అంత పాతవాడా అని అక్కడ తవ్వకాలు నడిపిన రిచర్డ్ లీకీ బృందం సంబరపడింది.

అడ్డం తిరిగింది పందులు. ఇథియోపియాలోని ఓమో లోయలో పందుల చివరి దవడపన్ను కాలంతోపాటు పొడవు పెరుగుతూ వచ్చింది. పంది శిలాజాల నిపుణుడు బేసిల్ కుక్ కూబీ ఫోరా పళ్ళు పక్కన పెట్టి చూస్తే, అవి ఓమోలో సుమారు 20 లక్షల ఏళ్ళనాటి పళ్ళకి సరిపోయాయి. మెషీన్ చెప్పాక పంది పన్ను మాట ఎవరు వింటారు? 1976లో మరో పద్ధతి కూడా 24 లక్షలని లీకీ వైపే సాక్ష్యం చెప్పింది, తర్వాత అదే మాట మార్చింది. చివరికి 1980ల మొదట్లో మళ్ళీ కట్టిన ఆర్గాన్ లెక్కే 18.8 లక్షల దగ్గర ఆగింది. ఆ బూడిదని నీళ్ళు మోసుకొచ్చాయి, దార్లో పాత రాళ్ళ రేణువులు కలిశాయి. మెషీన్ కొలిచింది ఆ కలగాపులగాన్ని.

'అయితే ఇవన్నీ కాకిలెక్కలేగా' అనేవాళ్ళున్నారు. కాకిలెక్కైతే పట్టుబడేది కాదు. పంది పళ్ళకీ ఆర్గాన్‌కీ ఏ చుట్టరికమూ లేదు, రెండూ ఒకే మాటకి వచ్చాయి కాబట్టే నేను నమ్ముతాను. ఒక్క ల్యాబు, ఒక్క నమూనా, ఒక్క అంకె అంటే మాత్రం నాకు అనుమానమే.

ఇంతకీ అసలు సొత్తు పుర్రె కాదు, పొర. 1982లో నర్మదా ఒడ్డున హత్నోరాలో దొరికిన పుర్రె భాగం నది తెచ్చిన కంకరలోది, అందుకే దాని వయసు మీద ఇప్పటికీ గొడవే. మరి బూడిద ఉన్నచోట మనమేం చేస్తున్నాం? కర్నూలు సీమలో జ్వాలాపురం దగ్గర సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ళ కిందట కక్కిన బూడిద కొన్నిచోట్ల రెండు మీటర్ల పైనే మందంగా పేరుకుని ఉంది, దాని పైనా కిందా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అలాంటి బూడిదని తవ్వి తోముడు పొడులకి అమ్మేశారు.