ఊరూ పేరూ లేని పురుగు మీద ఎఫ్‌ఐఆర్

అపార్ట్‌మెంట్ల టెర్రస్ గార్డెన్లలో ఈ మధ్య శాంతిభద్రతలు బాగా దెబ్బతిన్నాయి. కుండీలో కరివేపాకు మీద ఎప్పుడూ చూడని పురుగొకటి కనబడిందంటే చాలు, మూడో ఫ్లోర్ పిన్నిగారు చెప్పు పట్టుకొస్తారు, ఐదో ఫ్లోర్ బాబాయిగారు వేపనూనె స్ప్రేతో దిగిపోతారు, విచారణా గిచారణా ఏం లేదు, డైరెక్టుగా శిక్షే.

నేరాలు కూడా చిన్నవేం కావులెండి. చిన్నప్పుడు ఇది అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, అంటే మారువేషం, అంటే 420 (కొత్త చట్టంలో అది 318 అయింది, ఏదైతేనేం). పెద్దయ్యాక పచ్చరంగులోకి మారిపోతుంది, ఇందులో మాత్రం తప్పు పట్టలేం, మన ఎమ్మెల్యేలు కండువాలు మార్చట్లేదా. కదిలిస్తే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదుల్తుంది, విధులకు ఆటంకం. కరివేపాకూ నిమ్మాకే కాదు, శివుడి మారేడు దళాన్ని కూడా నమిలేస్తుంది కాబట్టి మనోభావాల కేసు ఇంకోటి. అడక్కుండా కొమ్మలకి కొమ్మలే విరుచుకుపోయే నాలుగో ఫ్లోర్ వాళ్ళ మీద మాత్రం ఇంతవరకు ఏ కేసూ లేదు.

అది నిమ్మజాతి చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్లండీ, కుట్టదు, కొన్నాళ్ళాగితే రెక్కలొచ్చి అదే పోతుంది అంటే ఎవరూ బెయిలివ్వరు. మునగ కాండానికి గుంపుగా పట్టే బొంత పురుగుల సంగతి వేరు, వాటి నూగు తగిలితే దద్దుర్లే, చేత్తో ముట్టుకోకూడదు, ఒప్పుకుంటా. కానీ మన ముద్దాయికి ఆ నూగే లేదే!

ఇంకా విచిత్రం, పురుగంటే ఒళ్ళు జలదరిస్తుందని కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దూరంగా నిలబడ్డ అత్తయ్యగారు కట్టుకున్నది ధర్మవరం పట్టుచీర. ఒక్క చీరకి వేల పట్టుపురుగులు గూళ్ళలోనే ఉడికిపోతాయి. ఆ పురుగు కోసం మల్బరీ తోటలేశాం, ఆకు కోసి నోటికందించాం, దాని గూళ్ళు అమ్ముకోడానికి హిందూపురంలో మార్కెట్టే పెట్టుకున్నాం. అంటే మనకి పురుగుతో పేచీ లేదు, సంపాదన లేని పురుగుతోనే.

కాబట్టి నా ప్రతిపాదన ఏంటంటే, తెలియని పురుగు కనబడితే ముందు ఇన్‌కమ్ సర్టిఫికెట్ అడగండి. లేదంటే అది ఏ చెట్టు ఆకు తింటోందో చూసి ఆ చెట్టుని బట్టి పేరు కనుక్కుని, ఓ కొమ్మ దాని పేర రాసిచ్చేయండి. దీనికి పిన్నిగారు చెప్పు కింద పెట్టి మరీ ఒప్పుకున్నారు, కాకపోతే ఆ కొమ్మ తన కుండీలోది కాకూడదట.