‘వేరే స్టేట్ టికెట్ మన వెంట రాదు’ అనే మెసేజ్ నమ్మకండి

లాంగ్ వీకెండ్ దగ్గర పడితే చాలు, అమెరికాలోని మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరుగుతుంది. వేరే స్టేట్‌లో స్పీడింగ్ టికెట్, అంటే అతివేగానికి పోలీసులు రాసే చలానా, పడితే కట్టకపోయినా ఏమీ కాదట. డ్రైవింగ్ తప్పులకు లైసెన్స్ మీద వేసే పాయింట్లు మన లైసెన్స్‌కి రావట. పేరు తప్పుగా రాస్తే కోర్టు కొట్టేస్తుందట. పోలీసుల స్పీడ్ గన్‌ను ముందే పసిగట్టే రాడార్ డిటెక్టర్ ఉంటే అసలు టికెట్టే పడదట. కొత్తగా వచ్చిన పిల్లలు ఇది నిజమని నమ్ముతున్నారు, అందుకే రాస్తున్నాను.

‘కట్టకపోయినా ఏమీ కాదు’ అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం. నాన్ రెసిడెంట్ వయొలేటర్ కాంపాక్ట్ అని 1977 నాటి ఒప్పందం ఒకటి ఉంది. అందులో 44 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ ఉన్నాయి. న్యూజెర్సీలో ఉండే మనిషి నార్త్ కరొలినాలో పడిన టికెట్‌ను పక్కన పడేస్తే ఆ కబురు న్యూజెర్సీకి వస్తుంది. ఆ టికెట్ సంగతి తేల్చుకునేదాకా లైసెన్స్ సస్పెండ్ చేస్తారు. కాలిఫోర్నియా, మిషిగాన్ లాంటివి ఈ ఒప్పందంలో లేవు, నిజమే. కానీ ఏ స్టేట్ అయినా మన డ్రైవింగ్ హక్కును సస్పెండ్ చేస్తే ఆ వివరం నేషనల్ డ్రైవర్ రిజిస్టర్‌లో చేరుతుంది. లైసెన్స్ ఇచ్చేటప్పుడు డీఎంవీ (లైసెన్సులు ఇచ్చే స్టేట్ ఆఫీసు) వాళ్ళు దాన్ని చూస్తారు.

నా పాత రూమ్మేట్‌కి ఇదే జరిగింది. నోటీసులు ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాయి. బ్రేక్ లైట్ వెలగడం లేదని ఒక రోజు పోలీసు ఆపేదాకా తన లైసెన్స్ సస్పెండ్ అయిందని అతనికి తెలియదు. ఆ లైసెన్స్‌తో నడపడం అసలు టికెట్‌ను మించిన కేసు.

పాయింట్ల మాటలో సగం నిజం ఉంది. న్యూయార్క్ లైసెన్స్ ఉన్నవాళ్ళకు వేరే స్టేట్ స్పీడింగ్‌కి పాయింట్లు వెయ్యరు. న్యూజెర్సీ మాత్రం 2 పాయింట్లు వేస్తుంది. అంటే ఇది మన లైసెన్స్ ఏ స్టేట్‌దో దాన్ని బట్టి ఉంటుంది.

పేరు సంగతి. మన ఇంటిపేర్లు పొడుగు, టికెట్ మీద అక్షరాలు తారుమారు కావడం మామూలే. అలాంటి చిన్న తప్పును కోర్టు దిద్దుతుంది గానీ దానికోసం కేసు కొట్టెయ్యదు.

ఇక డిటెక్టర్. వర్జీనియాలోనూ వాషింగ్టన్ డీసీలోనూ కార్లో అది వాడటమే చట్టవిరుద్ధం. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి నార్త్ కరొలినాలోని షార్లెట్‌కి ఐ-95 హైవే మీద వెళ్ళేవాళ్ళు ఈ రెండు చోట్లనూ దాటుకునే పోతారు.

వర్జీనియా గురించి ఇంకొంచెం చెప్పాలి. అక్కడ స్పీడ్ లిమిట్ కంటే గంటకు 20 మైళ్ళు ఎక్కువ వేగంతో వెళ్ళినా, లిమిట్ ఎంతైనా సరే 85 దాటినా రెక్లెస్ డ్రైవింగ్ కింద కేసు పెట్టవచ్చు. లిమిట్ 70 ఉన్నచోట 86లో వెళ్తే చాలు. ఇది క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా వెయ్యవచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి వదిలించుకోవడం కుదరదు, కోర్టు తేదీ ఉంటుంది. శిక్ష పడితే వీసా కోసం నింపే డీఎస్-160లో ఆ విషయం చెప్పి తీరాలి.

వీసా మీద ఉన్నవాళ్ళు చిన్న టికెట్‌ను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (ప్రభుత్వం దగ్గర ఉండే వాళ్ళ విద్యార్థి హోదా వివరాలు) రద్దయినప్పుడు, ట్రాఫిక్ టికెట్లు తప్ప ఇంకే గొడవా లేని పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. కోర్టుల్లో కేసులు పడ్డాక రికార్డులు తిరిగి ఇచ్చారు. ఆ కొన్ని వారాలు వాళ్ళ ఇళ్ళల్లో ఎంత టెన్షన్ పడి ఉంటారో!

ఇప్పటికే టికెట్ చేతిలో ఉంటే దాని మీద ఏ కోర్టు, ఏ తేదీ అన్నది చూడండి. చాలాచోట్ల జరిమానా కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. అందుకే కట్టేముందు ఆ కౌంటీలో పనిచేసే ట్రాఫిక్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. ఇల్లు మారి ఉంటే డీఎంవీలో కొత్త అడ్రస్ ఈ రోజే ఇవ్వండి.