లిస్టులో పేరు లేదన్న కాన్ఫిగ్ గారికి

గౌరవనీయులైన కాన్ఫిగ్ డాట్ గెస్ గారికి, పక్క కుర్చీలో కూర్చునే వారి తమ్ముడు కాన్ఫిగ్ డాట్ సబ్ గారికి,

నమస్కారాలు. ప్రోగ్రామ్ బిల్డ్ చేసే ముందు ఇది ఏ మెషినో ఊహించి చెప్పే స్క్రిప్టు మీరు, ఆ పేరు చెల్లుతుందో లేదో చూసే స్క్రిప్టు మీ తమ్ముడు. మీ ఆరోగ్యం అడగక్కర్లేదు. ఒంటి మీద చివరిసారి మార్చిన తేదీగా 2009 నవంబరు 20 అన్న ముద్ర చెక్కుచెదరకుండా ఉంది, నిన్న మధ్యాహ్నం కళ్ళారా చూశాను.

నిన్న ఆదివారం. మేమంతా ఎదురుచూస్తున్న సాఫ్ట్‌వేర్ లైబ్రరీ కొత్త రిలీజు వచ్చింది. మార్పుల జాబితాలో మొదటి లైనే "రిస్క్ ఫైవ్ ప్రాసెసర్‌కి సపోర్ట్ చేర్చాం" అని. రిస్క్ ఫైవ్ అంటే ఎవరైనా వాడుకోగల ఓపెన్ ప్రాసెసర్ డిజైను. ఆ ఒక్క లైను వెనక నా ఐదు నెలల రాత్రులున్నాయి. ఉత్సాహం పట్టలేక మా అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని పైనించి కింది దాకా చూసి, "ఇందులో నీ పేరేదిరా?" అంది. అది వేరే సంగతి. భోజనం చేసి, టార్‌బాల్ (సోర్స్ కోడ్ మూట) దింపుకుని, రిస్క్ ఫైవ్ బోర్డు మీద విప్పి, బిల్డ్‌కి ముందు మెషిన్ని పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్టు నడిపాను. ఊపిరి పీల్చుకునే లోపే మీరు పలికారు.

"బిల్డ్ టైప్ ఊహించలేకపోతున్నాను, మీరే చెప్పాలి."

పోనీలే అనుకున్నాను. పేరులోనే గెస్ పెట్టుకుని, ఊహించడం ఒక్కటే ఉద్యోగంగా ఉన్నవారు, నా వల్ల కాదని ఒప్పుకోవడం కూడా ఒక సంస్కారమే. అడిగారు కదా అని వినయంగా రాసిచ్చాను: రిస్క్‌వి64-అన్‌నోన్-లినక్స్-గ్ను. మొదటి ముక్క ప్రాసెసర్, అంటే 64 బిట్ రిస్క్ ఫైవ్; రెండోది తయారీదారు; మిగతావి ఆపరేటింగ్ సిస్టమ్. ఆ కాగితం తమ్ముడుగారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన తల కూడా ఎత్తలేదు. "చెల్లదు. రిస్క్‌వి64-అన్‌నోన్ అనే మెషిన్ గుర్తించబడలేదు."

మీకు తెలీదన్నారు. నన్నే చెప్పమన్నారు. చెప్తే అలాంటిది లేనే లేదన్నారు. మండలాఫీసులో గుమస్తా అయితే కనీసం "కంప్యూటర్‌లో చూపించట్లేదు సార్" అని కంప్యూటర్ మీదికి తోసేస్తాడు. ఇక్కడ ఆ మాట అంటున్నది కంప్యూటరే. నేనెవరి మీదికి తొయ్యాలి?

పైగా ఇందులో ఊహించాల్సింది ఏముందండీ? యూనేమ్ అనే కమాండుతో అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నలే తన నోటితో "రిస్క్‌వి64" అని చెప్తుంది. మీరూ అదే అడుగుతారు. మీ లోపల రాసినవన్నీ చదివాను. అడిగారు, జవాబు విన్నారు, విని లిస్టులో వెతికి తల అడ్డంగా ఊపారు. మనిషి ఎదురుగా నిలబడి నేనున్నానంటుంటే, జాబితాలో లేవు కాబట్టి లేవని చెప్పడమన్నమాట.

సరే, ఆ లిస్టులో ఎవరెవరున్నారో చూద్దామని తెరిచాను. అక్కడే నాకు కాలింది. 1970 నాటి పీడీపీ-11 కంప్యూటరు ఉంది. 1977లో వచ్చిన వ్యాక్స్ ఉంది. మన రైల్వే రిజర్వేషన్ ఒకప్పుడు దాని మీదే నడిచింది కాబట్టి వ్యాక్స్‌ని ఏమీ అనను. అమెరికా యుద్ధవిమానాల కోసం తయారైన 1750ఏ ప్రాసెసర్ ఉంది. మీ గడప తొక్కి లైబ్రరీ కంపైల్ చేసుకోవడానికి ఏ యుద్ధవిమానం ఎప్పుడొచ్చిందో మీకే తెలియాలి. ఎల్క్సీ ఉంది. మనకి టాటా ఎల్క్సీ పేరులో మిగిలిందే, ఆ ఎల్క్సీ. మా హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళు 1970ల్లో తయారుచేసిన టీడీసీ-316 కంప్యూటరు మాత్రం లేదు. దానికి ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపే వయసు నాకప్పుడు లేదు కాబట్టి వదిలేస్తున్నా. పోయినవాళ్ళందరికీ పీటలు వేసి కూర్చోబెట్టారు. బతికున్నవాడు వస్తే విస్తరి లేదు.

రిస్క్ ఫైవ్ 2010లో బర్క్లీలో పుట్టింది, మీ జ్ఞానం 2009లో ఆగిపోయింది, పుట్టనివాడి పేరు మీకెలా తెలుస్తుందని మీ తరఫున నేనే వాదించుకున్నాను. నిజమే. కానీ మీ కొత్త కాపీలకి ఆ పేరు తెలిసి ఏళ్ళయింది. మద్రాస్ ఐఐటీ వాళ్ళ శక్తి, సీడాక్ వాళ్ళ వేగ ప్రాసెసర్లు దీని మీదే తయారయ్యాయి. ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్ 64 బిట్ రూపాన్ని 2011లో ప్రకటించారు, దాన్నీ మీరు గుర్తుపట్టరు. డెబియన్ లాంటి లినక్స్ పంపిణీల వాళ్ళు ప్యాకేజీ కట్టేటప్పుడు చప్పుడు చెయ్యకుండా మిమ్మల్ని లేపి, కొత్త కాపీని కూర్చోబెడతారు. అందుకే చాలామందికి మీ బండారం తెలీదు. నాలా నేరుగా టార్‌బాల్ విప్పినవాడే మీ చేతికి చిక్కుతాడు.

మీ ఇద్దర్నీ మార్చమని నేను చెప్పలేదనుకుంటున్నారా? నా మొదటి ప్యాచ్‌లోనే కొత్త కాపీలు పెట్టాను. "ఈ రెండు ఫైళ్ళూ వేరే ప్యాచ్‌గా పంపండి" అన్నారు లైబ్రరీని చూసుకునే మెయింటైనర్లు. పంపాను. "రిలీజుకి ముందు తప్పకుండా చూస్తాం" అన్నారు. ఆ తప్పకుండా అన్న మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. నా అసెంబ్లీ కోడ్‌ని మూడుసార్లు రివ్యూ చేసి, కామెంట్లలో కామాలతో సహా దిద్దించి తీసుకున్నారు. మిమ్మల్ని మరిచిపోయారు. పెళ్ళికొడుకుని పిలిచి, ఫ్లెక్సీ కట్టి, గేటు దగ్గర పాత వాచ్‌మన్‌ని అలాగే ఉంచేశారు.

మిగతా వాళ్ళ మీద కూడా నాకు కోపాలున్నాయి, కానీ ఇది మీ ఉత్తరం. ఫైలు తెరవమని కెర్నల్‌ని అడిగే ఓపెన్ అనే సిస్టమ్ కాల్ ఈ ప్రాసెసర్ మీద లేదనీ, దాని బదులు ఓపెన్‌యాట్ వాడాలనీ తెలుసుకోడానికి ఒక శనివారం పోయింది. కమాండు ఆప్షన్లు చదివే గెటాప్ట్ ఇచ్చిన జవాబుని ఒక బైటు పట్టే క్యార్‌లో దాచుకున్న మహానుభావుడి వల్ల ఒక రాత్రి పోయింది. ఇక్కడ క్యార్‌కి మైనస్ ఉండదు, ఇక ఆప్షన్లు లేవని గెటాప్ట్ ఇచ్చే మైనస్ ఒకటి అందులో నిలవదు, ఆ లూపు ఆగదు. లింకర్‌కి లాటామిక్ అనే అదనపు లైబ్రరీ తాయెత్తు కట్టడానికి ఇంకో రాత్రి. అవన్నీ నిజమైన పనులు, కష్టపడ్డా ఏదో ఒకటి నేర్చుకున్నాను. మీ దగ్గర నేర్చుకునేదేముంది? రెండు ఫైళ్ళు కాపీ చెయ్యాలి, అంతే! ఐదు నెలల పని నీ ఒక్క లిస్టు ముందు చేతులు కట్టుకుని నిలబడాలా? నువ్వు ఇచ్చే పేరుని త్రిపుల్ అంటారు, లెక్కపెడితే నాలుగు ముక్కలున్నాయి. అందులో ఒక ముక్క అన్‌నోన్. తయారుచేసినవాడెవడో తెలీకపోయినా నీకు పరవాలేదు, ప్రాసెసర్ తెలీకపోతే మాత్రం గేటు మూసేస్తావు!

క్షమించాలి. నువ్వు అనేశాను.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. మొదట్లో ఈ బోర్డు మీద నేను నడపబోయిన ప్రతిదీ ఎక్కడో ఒక దగ్గర కూలబడింది. 1992 నుంచి కాపీరైట్ లైన్లు మోస్తున్న మీ షెల్ స్క్రిప్టు మాత్రం, తను రాసేనాటికి లేని ప్రాసెసర్ మీద, ఒక్క అక్షరం మార్చకుండా మొదటిసారికే నడిచింది. కాదని చెప్పడానికే నడిచింది, కానీ నడిచింది. చివర్లో ఎంత మర్యాదగా చెప్పారో కూడా చూశాను: నా దగ్గరున్నది పాతదై ఉండొచ్చు, కొత్తది తెచ్చుకోండి, అదీ పనిచెయ్యకపోతే మాకు రాయండి అని. ఆ ముక్క మెయింటైనర్లు ఒక్కసారి చదివుంటే నా ఆదివారం మిగిలేది.

రాత్రి పదకొండింటికి మిమ్మల్ని పక్కకి జరిపి కొత్త కాపీలని పెట్టాను. నిమిషం పట్టలేదు. బిల్డ్ అయింది. టెస్టులన్నీ పాసయ్యాయి, ఒకటి తప్ప. దాని గురించి ఇంకొకరికి రాయాలి. అదే ప్యాచ్ మూడోసారి పంపాను, ఈసారి సబ్జెక్ట్ లైన్లో మీ ఇద్దరి పేర్లే.

ఇట్లు,
మీ లిస్టులో లేని
అన్‌నోన్